సన్యాసిని పేరు మీద బండి

ఖాన్ లే కనుమ కింద
డ్రాగన్ సంవత్సరం, నాలుగో నెల, పంతొమ్మిదో రోజు

పూజ్యులు హ్వే ఆన్ భిక్షుణి గారికి, అంటే మా అక్కకి,

చెల్లెలు థామ్ చేతులు జోడించి రాసేది. నమో అమితాభ.

ఉత్తరం రాయవే అని మీరు పద్దెనిమిదేళ్ళుగా అంటున్నారు. మీరు హద్దు దాటి బయటికి రాని వర్షావాసం మూడు నెలలూ మీ మఠంలో ఫోన్లన్నీ మఠాధిపతి పెద్దమ్మగారి బీరువాలోకి వెళ్ళిపోతాయి. ఆ మూడు నెలలూ నేను చెప్పాల్సినవన్నీ మూటగట్టుకుని కూర్చుంటాను. మీరు మందలించినప్పుడల్లా "మన కొండల్లోకి పోస్టుమాన్ ఎక్కడొస్తాడక్కా" అని తప్పించుకునేదాన్ని. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. పోస్టుమానే వచ్చి మా ఇంట్లో దిగాడు. అందుకే కలం పట్టాను.

ఈ ఉత్తరం మీ చేతికిచ్చిన మనిషే ఆయన. పేరు డంకన్. ఆస్ట్రేలియా వారు. అరవై రెండేళ్ళు. చిన్న మోటారు బండి మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరయ్యారు. మా ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి, అడగకుండానే మా కిరాయి బండ్ల చైన్లన్నీ తడిమి చూసి, మా ఆయనతో "ఇవి వదులుగా ఉన్నాయి" అన్నారు. చోంగ్ రెండు రోజులు డంకన్ గారితో మాట్లాడలేదు.

బండి అడిగే విదేశీయులెవరినైనా నేను ముందు లైసెన్సు చూపించమంటానని మీకు తెలుసు. యాభై సీసీ లోపు బండికి అక్కర్లేదు, ఆ పైన దేనికైనా కావాలి. వాళ్ళ దేశపు లైసెన్సు ఒక్కటే చాలదు, దానితో పాటు అంతర్జాతీయ పుస్తకం ఉండాలి. డంకన్ గారు రెండూ చూపించారు. పుస్తకం బూడిద రంగు అట్టతో, ఫోటో మీద ముద్రతో చాలా పద్ధతిగా ఉంది. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తిరగేసి, "ఇది 1949 ఒప్పందం పుస్తకం. మన దేశంలో 1968 ఒప్పందం పుస్తకమే చెల్లుతుంది" అన్నాడు.

"పాతదైతే ఇంకా మంచిదేగా. సోయా ముద్ద ఎంత పాతబడితే అంత రుచి" అన్నాను.

"సోయా ముద్ద కాదే, చట్టం."

చైన్ల సంగతి మనసులో పెట్టుకుని అంటున్నాడని నేను లెక్కచెయ్యలేదు.

డంకన్ గారు కనుమ ఎక్కి మీ వైపే వస్తున్నారు. కిరాయి బండ్లు ఆరూ బయటికి పోయాయి. అందుకని మీ ఎర్ర బండి ఇచ్చాను. దాన్ని నేనెవరికీ ఇవ్వనని మీకు తెలుసు. కానీ మీ దగ్గరికే కదా, పైగా పోస్టుమాన్ కదా అనిపించింది. ఎండు పుట్టగొడుగులు రెండు పొట్లాలు, నువ్వుల ఉప్పు ఒక సీసా పంపుతున్నాను. డంకన్ గారికి కాస్త అన్నం పెట్టండి. కూరలో మిరప తగ్గించండి.

మీ వర్షావాసం ఏ ఆటంకమూ లేకుండా సాగాలని క్వాన్ అమ్ తల్లిని వేడుకుంటూ,
థామ్

*

తిన్ వన్ మఠం
నాలుగో నెల, ఇరవై ఒకటో రోజు

థామ్‌కి,

ఉత్తరం అందింది. పొడిగా అందింది. తెచ్చిన మనిషి మాత్రం పొడిగా లేడు.

మేము మధ్యాహ్న భోజనానికి కూర్చున్నాం. ఆ వేళ ఎవరూ నోరు విప్పకూడదు. గుమ్మంలో నడుం దాకా బురదతో ఒక పొడుగాటి తెల్లాయన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి వేలాడుతోంది. మేమెవరమూ మాట్లాడకపోవడం చూసి ఆయనా మాట్లాడలేదు. భోజనం ముగిసే దాకా, అరగంట సేపు, అలాగే నిలబడ్డాడు. మేము గిన్నెలు కడిగాక, తల మీది హెల్మెట్టు ఒంటి చేత్తో తీసి, దాని లోపలి నుంచి నీ ఉత్తరం తీసి, నా పేరు అడిగి ఇచ్చాడు. ఆ తర్వాత జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, అందినట్టు సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. అప్పుడు కింద కూలబడ్డాడు.

"ఇంత పద్ధతిగా దెబ్బతిన్న మనిషిని నా జన్మలో చూడలేదు" అన్నారు పెద్దమ్మగారు.

సంగతేమిటంటే, కనుమ మూడో మలుపులో ఒకావిడ కర్రపెండలం ముక్కలు రోడ్డు మీద ఆరబోసింది. మనవాళ్ళైతే దాని మీంచే తొక్కుకుంటూ పోతారు, ఆవిడ నాలుగు తిడుతుంది, వీళ్ళు రెండు తిడతారు, అయిపోతుంది. ఈయన ఒకరి తిండి తొక్కడం ఇష్టం లేక పక్కకి తిప్పాడు. పక్కన కంకర. ఆ కింద వాగు. ఆవిడే పైకి లాగి, అరటిపండు పెట్టి, దారి చూపించిందట.

మా తోటమాలి దున్నే యంత్రం వెనక కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. భుజం పైన ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. బండిని ఊరి పోలీసులు వాగులోంచి తీయించి ఠాణాకి పంపారట. దాని గురించి దిగులు పడకు. అది ఇనుము. మనది అనుకుంటేనే దుఃఖం.

ఇంకొక్క మాట. నీ ఉత్తరంలో ఆయన పేరు ఐదుసార్లు రాశావు. చోంగ్ పేరు ఒక్కసారే రాశావు. యాభై ఏళ్ళ వయసులో కూడా మనసును కనిపెట్టుకునే ఉండాలి.

పుట్టగొడుగులు నీళ్ళలో కొట్టుకుపోయాయి. ఉప్పు బాగుంది.

హ్వే ఆన్

తా.క. బయటి నుంచి వచ్చే ఉత్తరాలను పెద్దమ్మగారు పాడ్యమికీ, పున్నమికీ మాత్రమే పంచుతారు. జవాబు ఆలస్యమైతే కంగారు పడకు.

*

ఖాన్ లే కనుమ కింద
నాలుగో నెల, ఇరవై ఏడో రోజు

పూజ్యులైన అక్కగారికి,

పేరు ఐదుసార్లు రాసింది ఆయన ఉత్తరం తెచ్చే మనిషి కాబట్టి. చోంగ్‌కి మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆ పేరా రెండోసారి చదవమన్నాడు. ఇప్పుడు రోజుకి మూడుసార్లు "మనసును కనిపెట్టుకో థామ్" అంటున్నాడు. అందుకని ఇక మీదట ఆయన్ని పోస్టుమాన్ గారనే రాస్తాను.

పోస్టుమాన్ గారు మా వెనక గదిలోనే ఉన్నారు. చెయ్యి మెడకి కట్టుకుని, ఇంకో చేత్తో మా ఊరికొచ్చే విదేశీయుల బండ్ల చైన్లు చూస్తున్నారు. ఆయన బీమా వాళ్ళు కబురు పంపారు. ఆ దేశంలో చెల్లే లైసెన్సు లేకుండా బండి నడిపి పడితే మేము పైసా ఇవ్వం అని. ముప్ఫై ఒక్క ఏళ్ళు వానలో, ఎండలో, కుక్కల మధ్య బండి నడిపిన మనిషికి లైసెన్సు లేనట్టేనట. పుస్తకం ఏడాది తప్పు. వాళ్ళ దేశంలో అడిగినా ఆ ఏడాది పుస్తకమే ఇస్తారట, ఇంకోటి ఇవ్వరట. ఇందులో ఆయన తప్పేముందో నాకు తెలియడం లేదు.

చోంగ్ మాత్రం "నేను చెప్పలేదూ" అన్నాడు. పొద్దున ఒకసారి, అన్నం దగ్గర ఒకసారి, కోళ్ళకి గింజలు వేస్తూ కోళ్ళతో ఒకసారి.

అక్కా, లైసెన్సు చెల్లని మనిషికి బండి ఇచ్చినవాళ్ళకి కూడా శిక్ష ఉంటుందట. నాకు భయంగా ఉంది. చోంగ్ ఒక ఉపాయం చెప్పాడు. అది నాకు నచ్చలేదు, కానీ భయంగా ఉన్నప్పుడు నచ్చనివి కూడా మళ్ళీ మళ్ళీ గుర్తొస్తాయి. మిమ్మల్ని ఒక ధర్మసందేహం అడుగుతాను. గుమ్మం పక్కన మేకుకి ఒక తాళంచెవి వేలాడుతోంది. దాన్ని ఒకరు అడగకుండా తీసుకున్నారని చెబితే, నిజానికి వాళ్ళు తీసుకోకపోతే, ఆ తాళంచెవి తీసిన పాపం ఎవరిది? వివరంగా రాయలేను. మీకు అర్థమవుతుందనుకుంటాను.

థామ్

*

తిన్ వన్ మఠం
ఐదో నెల, మొదటి రోజు

థామ్‌కి,

నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. నువ్వు ఎవరి తాళంచెవి తీశావు?

ఇవ్వనిది తీసుకోకూడదన్నది రెండో శీలం. మేకుకి ఉన్నా, నేల మీద ఉన్నా, తలుపు బార్లా తెరిచి ఉన్నా అంతే. ఆ తాళంచెవి ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యి. భయంగా ఉంది, వివరంగా రాయలేను అన్నావు. మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ పోస్టుమాన్ గారు ఎముక అతుక్కోగానే ఊరు వెళ్ళిపోతారు. నువ్వు ఎక్కడికీ బయల్దేరకు. చోంగ్ కోళ్ళతో మాట్లాడుతున్నాడంటే ఇంట్లో మాట్లాడే దిక్కు లేకే కదా.

ఇది రాయడానికి కూర్చునే లోపు ఇక్కడ ఇంకో సంగతి జరిగింది.

ఉత్తరాలు పంచాక పెద్దమ్మగారి చేతిలో ఒక సర్కారు కాగితం మిగిలింది. "వో థి లాయ్ అనే ఆవిడ మనలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. మఠంలోకి వచ్చాక ఇంటి పేర్లు ఎవరికి గుర్తు? "ఎర్ర మోటారు బండి, 2003లో కొన్నది" అన్నారు. అబద్ధం కాదు థామ్, నిజంగానే ఆ పేరు ఎవరిదో నాకు కాసేపు తట్టలేదు. తట్టాక లేచి నిలబడ్డాను.

"వస్త్రాలు, భిక్షాపాత్ర కాకుండా నీకింకేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

"ఒక మోటారు బండి ఉన్నట్టుందమ్మా."

ముప్ఫై ఒక్కమంది మౌనంగా నవ్వితే ఎలా ఉంటుందో ఈ రోజు విన్నాను.

బండి యజమాని ఐదో నెల ఇరవయ్యో తేదీ లోపు పట్నం ఠాణాకి స్వయంగా రావాలని ఆ కాగితం. చెల్లని లైసెన్సున్న మనిషికి బండి ఎందుకిచ్చావో చెప్పుకోవాలట. ఇక్కడి నుంచి పొద్దున వెళ్ళే బస్సు ఒక్కటే, అది మర్నాడు గాని తిరిగి రాదు. వర్షావాసంలో హద్దు దాటి బయట తెల్లవారితే ఈ ఏడాది లెక్కలోకి రాదు. ఇది నా పద్దెనిమిదోది. మాకు వయసంటే అదే. పెద్దమ్మగారు వినయ గ్రంథం అంతా తిరగేశారు. జబ్బుపడ్డ తల్లిని చూడడానికి అనుమతి ఉంది. కూలిపోతున్న విహారం కోసం కర్రలు తేవడానికి ఉంది. మోటారు బండి కోసం లేదు.

ఇనుము గురించి దిగులు పడకు అని నీకు రాశాను. ఇప్పుడు నేనే పడుతున్నాను.

చెల్లీ, దీనికి ఏదైనా దారి చూడు. కానీ నా కోసం అబద్ధం మాత్రం ఆడకు.

హ్వే ఆన్

*

ఖాన్ లే కనుమ కింద
ఐదో నెల, ఏడో రోజు

అక్కా,

నేను ఎవరి తాళంచెవీ తియ్యలేదు, ఎవరితోనూ ఎక్కడికీ పోవట్లేదు. అది మన తాళంచెవే. పోస్టుమాన్ గారే దాన్ని అడగకుండా తీసుకున్నారని ఠాణాలో చెప్పమని చోంగ్ ఉపాయం. "ఆయన నెలలో వెళ్ళిపోతాడు, మనం ఇక్కడే బతకాలి" అన్నాడు. నీ ఉత్తరం చదివాక ఆ ఉపాయం చోంగే వదిలేశాడు. "మీ అక్క పద్దెనిమిదేళ్ళు నా బండ్ల కింద పడకూడదు" అన్నాడు. అది తన బండి కాదని కూడా మరిచిపోయి అన్నాడు.

నిన్న పొద్దున నేనే పట్నం వెళ్ళాను. చోంగ్ తోడొస్తానన్నాడు, వద్దన్నాను. కిరాయి బండి ఒకటి తీసుకుని కనుమ అంతా క్వాన్ అమ్ తల్లి పేరు జపిస్తూ పోయాను. ఠాణాలో నా కొడుకు వయసుండే అధికారి ఉన్నాడు. క్వీ అని పేరు. టీ ఇచ్చాడు.

"బండి నాది బాబూ. మా అక్కది కాదు. ఆమె సన్యాసిని" అన్నాను.

"కాగితంలో ఆమె పేరే ఉంది పిన్నీ."

"కాగితంలో ఉన్న మనిషి ఇప్పుడు లేదు."

"చనిపోయారా?"

"లేదు. రోజూ మూడున్నరకి లేచి జపం చేస్తోంది."

కలం కింద పెట్టాడు. నేను మొత్తం చెప్పాను. నువ్వు మఠంలో చేరినప్పుడు బండి నాకిచ్చావనీ, పేరు మార్పించుకోలేదనీ. మన వీధిలో ఎవరి బండి ఎవరి పేరు మీద ఉందో ఎవరికి తెలుసు బాబూ అన్నాను. "మా నాన్న బండి ఇప్పటికీ ఎవరో చచ్చిపోయినాయన పేరు మీదే ఉందిలే" అని, గబుక్కున గోడ వంక చూసి, "అది రాయకూడదు" అని గొణుక్కున్నాడు.

"ఆ విదేశీయుడికి బండి ఎవరిచ్చారు?"

"నేనే. నా చేత్తో తాళంచెవి ఇచ్చాను."

"పుస్తకం చెల్లదని తెలుసా?"

"మా ఆయన చెప్పాడు. నేను వినలేదు."

"అలాగే రాసుకోనా?"

"అలాగే రాసుకో బాబూ. చదివితే మా ఆయన సంతోషిస్తాడు."

జరిమానా నా పేరున రాశాడు. నాకు ప్రాణం తేలికపడింది. నమో అమితాభ అనుకుని లేవబోయాను. "ఒక్క నిమిషం పిన్నీ, మీ వివరాలు కూడా నింపాలి. లైసెన్సు నంబరు?" అన్నాడు.

"ఏ లైసెన్సు?"

"బండి మీదే వచ్చారుగా." నా తల వంక చూశాడు. హెల్మెట్టు ఇంకా తియ్యలేదు అక్కా, భయంలో.

ఏం చెప్పను? అబద్ధం ఆడొద్దని నువ్వు రాశావు. "పదహారేళ్ళప్పుడు మా అక్క నేర్పింది. అప్పుడు మాకున్నది యాభై సీసీ. దానికి లైసెన్సు అక్కర్లేదు. తర్వాత బండి పెద్దదైంది. నేను గమనించలేదు" అన్నాను.

"ఎన్నాళ్ళ కిందట?"

"ముప్ఫై నాలుగేళ్ళు."

"మరి కిరాయికిచ్చేటప్పుడు విదేశీయుల్ని లైసెన్సు అడుగుతారా?"

"లేకుండా ఎవరికీ ఇవ్వను బాబూ. ఫోటో కూడా తీసి పెట్టుకుంటాను."

ఇప్పుడే వస్తానని లేచి పెరట్లోకి వెళ్ళాడు. వెనక నుంచి చాలాసేపు దగ్గు వినిపించింది. తిరిగొచ్చేసరికి మొహం కడుక్కుని ఉన్నాడు. రెండో జరిమానా రాశాడు. ఆ బండి కూడా అక్కడే ఉంచుకున్నాడు. ఇప్పుడు నీ బండీ, నా బండీ ఠాణాలో పక్కపక్కనే ఉన్నాయి. బస్సులో వచ్చాను.

జరిమానా నాది, బాగానే ఉంది. కానీ బండి నాదని తేలాలంటే నువ్వు అధికారి ఎదురుగా సంతకం పెట్టాలట, అదీ ఇరవయ్యో తేదీ లోపే. నువ్వు కొండ దిగలేవు. మనిషి దగ్గరికే వచ్చి సంతకం తీసుకునే వీలు ఉందట, మంచాన పడ్డవాళ్ళకీ, జైల్లో ఉన్నవాళ్ళకీ.

"మీ అక్కగారిని ఇందులో ఏ గడిలో వెయ్యమంటారు?" అన్నాడు క్వీ.

"బయటికి రావడానికి లేదు. కానీ తనంతట తానే వెళ్ళింది. అలాంటి గడి ఉందా?"

"లేదు పిన్నీ. 'ఇతరములు' అని ఒకటుంది."

అందులో వేశాడు. ఊరి అధికారిని కొండ మీదికి పంపమని రాస్తానన్నాడు, ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలియదన్నాడు. ఈ ఉత్తరం నీకు పున్నమికి గాని అందదు. ఈ లోపు నువ్వు మూట సర్దుకుని బయల్దేరకు అక్కా. నీకు దణ్ణం పెడతాను, బయల్దేరకు.

ఇంటికొచ్చి చెబితే పోస్టుమాన్ గారు ఎముక నొప్పి పుట్టేదాకా నవ్వారు. "అంటే ఈ ఇంట్లో లైసెన్సు ఉన్నది చోంగ్ ఒక్కడికే" అన్నారు. చోంగ్ లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

నీ థామ్

కంగారులో మొదటి నుంచీ నువ్వు అని రాసేశాను. భిక్షుణి గారు క్షమించాలి. తిరగ రాయడానికి ఓపిక లేదు.

*

తిన్ వన్ మఠం
ఐదో నెల, పదహారో రోజు

థామ్‌కి,

నీ ఉత్తరం నిన్న పున్నమికి అందింది. అధికారి పన్నెండో తేదీనే వచ్చాడు. కాబట్టి ఆయన ఎందుకొచ్చాడో నాకు తెలియలేదు. చేతిలో ఇనుప పెట్టె, పక్కన ఇంకొకడు. నన్ను తీసుకెళ్ళడానికే అనుకున్నాను. మూట సర్దుకుని, పెద్దమ్మగారికి మూడుసార్లు మొక్కి, బయటికొచ్చి నిలబడ్డాను. ఆయన పెట్టె తెరిచి సిరాముద్ర, కలం తీసి, "ఎక్కడికి బయల్దేరారమ్మా? కూర్చోండి, ఒక సంతకం" అన్నాడు. కాగితం మీద 'ఇతరములు' అని ఉంది. అది ఇంత దూరం నడిచిన నాకు తగిన మాటే.

సంతకం అయ్యాక పెద్దమ్మగారు అందరినీ పిలిచారు. "ఇంకెవరి పేరు మీదైనా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. ఈయన మాటిమాటికీ కొండెక్కలేడు" అన్నారు. కాసేపటికి వంటింటి హ్వే లియన్ లేచింది. ఆమె పేరు మీద ఒక పడవ ఉంది. ఆ తర్వాత ఇంకొకామె, మిరియాల తోట. ఇంకొకామె, సగం బావి. ఎనభై ఒక్క ఏళ్ళ పెద్ద భిక్షుణి ఒకావిడ లేచి తనకొక కుట్టు మిషను ఉందని చెప్పింది. దానికి కాగితాలు ఉండవమ్మా అని అధికారి ఎంత చెప్పినా, సంతకం పెట్టేదాకా ఆయన్ని మెట్లు దిగనివ్వలేదు. ఆయన ఇక్కడే భోజనం చేసి, సాయంత్రం దాకా రాసి వెళ్ళాడు.

నా ఏడాది నిలిచింది. నీ వల్లే. కానీ నీకొక సంగతి చెప్పకపోతే అది నిలిచినట్టు కాదు.

ఆ పేరు ఎవరిదో కాసేపు తట్టలేదని రాశాను. అది నిజం కాదు. పెద్దమ్మగారు బండి రంగు చదవకముందే తట్టింది. అదే ఉత్తరంలో నీకు అబద్ధం ఆడకు అని రాశాను.

నేను ఇక్కడ చేరిన రోజు నువ్వు నా వెనక కూర్చుని వచ్చావు. గేటు దగ్గర తాళంచెవి నీ చేతిలో పెట్టాను. "పేరు మార్పించుకోవాలా అక్కా" అని అడిగావు. "ఇప్పుడేం తొందర" అన్నాను. నువ్వు మరిచిపోయావు. నేను మరవలేదు. ఇక్కడ ఉండలేకపోతే తిరిగి పోవడానికి నాదంటూ ఒక బండి ఉండాలనుకున్నాను. మొదటి మూడేళ్ళు కనుమ మీద ఏ బండి చప్పుడైనా చెవి అటే పోయేది. చీకట్లో కూడా దాని చప్పుడు నాకు తెలుసు. తర్వాత తర్వాత ఆ ధ్యాస పోయిందనుకున్నాను. మొన్న ఆ పేరు రాయబోతే చెయ్యి సగంలో ఆగింది. "కలం రాయట్లేదా అమ్మా" అని అధికారి ఇంకోటి ఇచ్చాడు. దానితో రాశాను.

పెద్దమ్మగారికి చెప్పాను. నాకు పొద్దున వాకిలి ఊడ్చే పని ఇచ్చారు, గేటు దాకా.

నీ అక్క

*

ఖాన్ లే కనుమ కింద
ఆరో నెల, ఇరవై ఆరో రోజు

పూజ్యులైన అక్కగారికి,

మీ ఉత్తరానికి నెల దాటాక జవాబు రాస్తున్నాను. లైసెన్సు చేతికొచ్చేదాకా రాయకూడదనుకున్నాను. రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది.

పోస్టుమాన్ గారు మా పెరట్లో సుద్దతో కొలతలు వేసి ఎనిమిది అంకె గీశారు. పరీక్షలో బండి ఆ గీతల మధ్యే తిరగాలి, కాలు నేలకి ఆన్చకూడదు. ముప్ఫై నాలుగేళ్ళుగా కనుమ ఎక్కి దిగిన దాన్ని, ఆ ఎనిమిదిలో మూడు రోజులు కోళ్ళగూటి లోకి పోయాను. ఆయన ఒంటి చేత్తో దారి చూపించేవారు, చోంగ్ ఇస్త్రీ చొక్కాతో మార్కులు వేసేవాడు. రాత పరీక్షకి రెండు వందల ప్రశ్నలు మంత్రాల్లా కంఠతా పట్టాను. ఇరవై ఐదుకి ఇరవై నాలుగు వచ్చాయి. మొదటిసారి బండి పరీక్షలో మాత్రం ఎనిమిది మధ్యలో ఉండగా ఎక్కడి నుంచో ఒక బాతు వచ్చింది. ఆగాను. అది వెళ్ళేదాకా కాలు ఆన్చి నిలబడ్డాను.

"బాతు మార్కులు వెయ్యదు పిన్నీ" అన్నాడు పరీక్షాధికారి.

"దాని ప్రాణం దానికి ముఖ్యం కదా బాబూ" అన్నాను. తప్పాను. మళ్ళీ డబ్బు కట్టి, మళ్ళీ వెళ్ళాను. ఈసారి బాతు రాలేదు.

పోస్టుమాన్ గారు పోయిన వారం వెళ్ళిపోయారు. కట్టు విప్పాక చోంగ్ ఆయనకి పాత యాభై సీసీ బండి ఇచ్చాడు, లైసెన్సు అక్కర్లేనిది. ఆయన మోకాళ్ళు చేతులకి తగిలేవి. దాని మీద ఊళ్ళో తిరిగి అందరి కరెంటు కాగితాలూ ఇంటింటికీ పంచారు. వెళ్ళేటప్పుడు చోంగ్ చైన్ల నూనె డబ్బా ఆయన సంచిలో పెట్టాడు.

మీ సంగతి. ఆ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. తప్పు చేసినట్టు రాశారు. నేను ఎక్కువ చదువుకోలేదు, వినయ గ్రంథం నాకు తెలియదు. కానీ నేను కూడా మరవలేదక్కా. ఇన్నేళ్ళూ దానికి టైర్లు మార్పించాను, నూనె పోయించాను, వారానికోసారి స్టార్టు చేసి ఆపాను. ఎందుకే అని చోంగ్ అడిగితే అక్కదయ్యా అనేదాన్ని. మీరు రావాలని కాదు. ఒకవేళ వస్తే నడిచి రాకూడదని. పద్దెనిమిదేళ్ళు బండి సిద్ధంగానే ఉంది, మీరు రాలేదు. నాకైతే అందులో మీ తప్పేమీ కనిపించలేదు.

నిన్న కొత్త కాగితం వచ్చింది. ఎర్ర బండి, వో థి థామ్. చూసి కళ్ళనీళ్ళు వచ్చాయి. "లైసెన్సు వచ్చినందుకా?" అన్నాడు చోంగ్. అవునన్నాను. అదొక్కటీ అబద్ధం. ఎవరికైనా ఒప్పుకోవాలి కాబట్టి మీకే ఒప్పుకుంటున్నాను.

ఏడో నెల పున్నమికి, మీ వర్షావాసం ముగిసే రోజు, ఆ బండి మీదే వస్తాను. గేటు బయట ఆపుతాను. మీరు వాకిలి ఊడుస్తూ ఉంటే దాని వంక చూడాలనిపిస్తుంది. చూడండి. ఇప్పుడది నాది కదా, చూస్తే దోషం లేదు.

ఈ ఉత్తరాలు మాత్రం ఎవరి కంటా పడనివ్వకండి, పెద్దమ్మగారి కంటైనా సరే. చింపెయ్యకండి కూడా. మీవి అంటూ ఇంకేమీ ఉండకూడదంటారేమో, నావి అనుకుని మీ దగ్గర ఉంచండి.

థామ్